లాలాజల గ్రంథి క్యాన్సర్: ఐహెచ్‌సీ రిపోర్టును ఇంట్లోవాళ్లు ఎలా చదువుకోవాలి

"డాక్టర్‌గారూ, అమ్మకి అన్నీ పాజిటివే వచ్చాయండీ" అంటూ ఓ అబ్బాయి తన ఫోన్ నా టేబుల్ మీద పెట్టాడు. రిపోర్టు ఫోటో అది. అప్పటికే వాట్సాప్‌లో చుట్టాలందరికీ తిరిగొచ్చింది. సీడీ117 పాజిటివ్, పీ63 పాజిటివ్, ఎస్100 పాజిటివ్. "ఇన్ని పాజిటివ్‌లంటే బాగా ముదిరినట్టే" అని వాళ్ల బాబాయి తేల్చేశాడట. రాత్రంతా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

స్లైడులో కనిపించిన కణాల అమరికతో కలిపి చూస్తే ఆ మూడూ చెప్పింది ఒకటే సంగతి: ఇది అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే రకం. ముదిరిందా లేదా అన్నది ఆ పేజీలో లేనేలేదు. దాని ముందు పేజీలో ఉంది. ఆ పేజీని ఎవరూ ఫోటో తీయలేదు.

రోజూ ఈ స్లైడులు చూసే పని నాది. చెవి కింద గడ్డనో, అంగిట్లో బుడిపెనో తీయించుకుని రిపోర్టు చేతికొచ్చిన కుటుంబాలకు నేను విడివిడిగా చెప్పేదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది చదివి వైద్యం మీరే నిర్ణయించుకోమని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలిసి వెళ్లమని.

1. ముందు కాగితాలన్నీ ఒకచోట పెట్టండి

సాధారణంగా మూడు రకాల రిపోర్టులు ఉంటాయి. మొదటిది ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సూది పరీక్ష. రెండోది ముక్క పరీక్ష, లేదా ఆపరేషన్ తర్వాత గడ్డ మొత్తాన్ని చూసి ఇచ్చే హిస్టోపాథాలజీ రిపోర్టు. మూడోది ఐహెచ్‌సీ, పూర్తి పేరు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. చాలా చోట్ల ఐహెచ్‌సీని విడిగా, వారం పది రోజులు ఆలస్యంగా ఇస్తారు. దాంతో ఇంట్లోవాళ్లు ఆఖరున వచ్చిన కాగితమే అసలైనదని అనుకుంటారు. అసలు రిపోర్టు ఆపరేషన్ తర్వాతి హిస్టోపాథాలజీ. ఐహెచ్‌సీ దానికి తోక లాంటిది.

సూది పరీక్ష రిపోర్టులో 'మిలన్' అన్న మాట, పక్కన రోమన్ అంకె కనిపిస్తే కంగారు పడకండి. 2018 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి అది. మొత్తం ఆరు తరగతులు. ఒకటి అంటే శాంపిల్ చాలలేదని, ఆరు అంటే క్యాన్సర్ అని. మధ్యలో నాలుగో తరగతికి రెండు భాగాలు: మామూలు గడ్డ ఒకటి, గడ్డే గానీ మంచిదో చెడ్డదో సూదితో తేల్చలేనిది ఇంకొకటి. ఈ రెండోది వచ్చిందంటే సూది పరీక్ష చేసినవాళ్లకు చేతకాలేదని కాదు. లాలాజల గ్రంథి గడ్డలు ఒకదాని వేషం ఇంకొకటి వేస్తాయి. అందులో పేరుమోసినవి.

ప్రతి రిపోర్టు మీదా బ్లాక్ నంబరో, స్పెసిమెన్ నంబరో ఉంటుంది. మూడింటి నంబర్లూ ఒకే మనిషివో కాదో చూసుకోండి. ఇంత చిన్న విషయం చెప్పాలా అనిపించవచ్చు. పేరు ఒకటే అయిన ఇద్దరి కాగితాలు కలిసిపోవడం నేను కళ్లారా చూశాను.

2. గ్రంథి ఏది, రకం ఏది అన్న లైను పట్టుకోండి

మనకు పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు. చెవి ముందూ కిందా ఉండేది పరోటిడ్, గవదబిళ్లలు వచ్చినప్పుడు ఉబ్బేది ఇదే. దవడ కింద ఉండేది సబ్‌మాండిబ్యులర్, నాలుక కింద ఉండేది సబ్‌లింగ్వల్. ఇవి కాక అంగిట్లో, పెదవుల లోపల, బుగ్గల్లో వందల కొద్దీ చిన్న గ్రంథులు ఉంటాయి. గ్రంథి ఎంత చిన్నదైతే అందులో వచ్చిన గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం అంత ఎక్కువ. పరోటిడ్ గడ్డల్లో దాదాపు 80 శాతం క్యాన్సర్ కానివే. నాలుక కింద గ్రంథిలో లెక్క తిరగబడుతుంది.

'డయాగ్నోసిస్' లేదా 'ఇంప్రెషన్' అన్న చోట రకం పేరు ఉంటుంది. లాలాజల గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ రకాలు ఇరవై పైమాటే. తరచుగా కనిపించేవి ఇవి: అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా. నెమ్మదిగా పెరుగుతూ నరాల వెంట పాకే అడినాయిడ్ సిస్టిక్. సాధారణంగా మెతక స్వభావం గల ఆసినిక్ సెల్. 2010లో మొదటిసారి విడి రకంగా గుర్తించిన సెక్రెటరీ కార్సినోమా. వీటన్నిటికన్నా దూకుడుగా ఉండే శాలివరీ డక్ట్ కార్సినోమా, ఇది ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో వస్తుంది.

ఈ పేరు తెలియకుండా మార్కర్ల జోలికి, అంటే ఐహెచ్‌సీలో చూసే ప్రోటీన్ల జోలికి వెళ్లకండి. 'హెర్2' అన్న మాటకు డక్ట్ కార్సినోమాలో ఉన్న బరువు ఆసినిక్ సెల్‌లో ఉండదు.

3. 'పాజిటివ్' అంటే ఏమిటో ఒకసారి దగ్గర్నుంచి చూడండి

ఆపరేషన్‌లో తీసిన గడ్డను ఫార్మలిన్‌లో నానబెడతారు. తర్వాత నీరంతా పోయేలా చేసి పారఫిన్ మైనంలో పోతపోస్తారు. అదే బ్లాక్. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నదిగా, తెల్లగా ఉంటుంది, మధ్యలో లేత గోధుమ రంగులో కణజాలం. దాన్ని మైక్రోటోమ్ అనే యంత్రం మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంతో పొరలుగా కోస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొర గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంటే గాజు స్లైడుతో కిందనుంచి ఎత్తిపట్టుకుంటారు. పాలమీద మీగడను గరిటెతో తీసినట్టు ఉంటుంది, చెయ్యి వణికితే మడత పడిపోతుంది.

ఇక ఐహెచ్‌సీ. ఒక్కో ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీని ఆ పొర మీద వేస్తారు. ఆ ప్రోటీన్ ఉన్నచోట యాంటీబాడీ పట్టుకుంటుంది. చివర్లో వేసే రసాయనం వల్ల అక్కడ గోధుమ రంగు వస్తుంది, మిగతాదంతా నీలంగా ఉంటుంది. మైక్రోస్కోపులో నాకు కనిపించేది నీలం మీద గోధుమ మచ్చలే. గోధుమ రంగు ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. కోవిడ్ టెస్టులోనో హెచ్‌ఐవీ టెస్టులోనో పాజిటివ్ అంటే జబ్బు ఉందని అర్థం కాబట్టి మనకి ఆ మాట వినగానే టెన్షన్. ఇక్కడ దాని అర్థం అంతవరకే: ఈ కణంలో ఈ ప్రోటీన్ ఉంది. మీ ఒంట్లోని ఆరోగ్యకరమైన లాలాజల గ్రంథికి ఇదే పరీక్ష చేసినా సగం మార్కర్లు పాజిటివే వస్తాయి.

రంగు ఎక్కడ వచ్చిందన్నది కూడా ముఖ్యమే. పీ63 కేంద్రకంలో రావాలి, హెర్2 కణం చుట్టూ పొరలో రావాలి. మంచి రిపోర్టులో 'న్యూక్లియర్', 'మెంబ్రేనస్' అన్న మాటలు కనిపిస్తాయి. ఊరికే పాజిటివ్ అని రాసి వదిలేసిన రిపోర్టు నాకు సగం రిపోర్టే.

4. పెన్సిల్ తీసుకుని మార్కర్లను మూడు కుప్పలు చేయండి

అసలు పని ఇక్కడే. రిపోర్టులో పది మార్కర్లు ఉన్నా, ఒక్కోదాని పక్కన ఒక అక్షరం రాయండి. పేరు చెప్పేదైతే 'పే'. మందు చూపించేదైతే 'మం'. భవిష్యత్తు గురించి ఏదో సూచించేదైతే 'భ'. రాశాక చూసుకుంటే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది: పదిలో ఎనిమిది 'పే'లే ఉంటాయి.

ముందు 'పే' కుప్ప. పీ63, పీ40, కాల్పోనిన్, ఎస్‌ఎంఏ వంటివి గ్రంథిలోని ఏ రకం కణాలు గడ్డలో ఉన్నాయో చెబుతాయి. ఎస్100 కూడా అంతే. ఆ పేరులోని వందకూ, నూటికి నూరు ముదిరిందన్నదానికీ సంబంధం లేదు. నూరు శాతం సంతృప్త అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంలో కరిగే ప్రోటీన్ కాబట్టి ఆ పేరు పెట్టారు, అంతే. డాగ్1, ఎన్‌ఆర్4ఏ3 ఉంటే ఆసినిక్ సెల్ వైపు మొగ్గు. ఎస్100, మామ్మాగ్లోబిన్ రెండూ గట్టిగా వచ్చి డాగ్1 రాకపోతే సెక్రెటరీ కార్సినోమా వైపు. సీడీ117 లోపలి కణాల్లో, పీ63 బయటి కణాల్లో విడివిడిగా వస్తే అడినాయిడ్ సిస్టిక్‌కి బలం. పీఎల్‌ఏజీ1 కనిపిస్తే పాత మామూలు గడ్డ ఏదో చెడిపోయి క్యాన్సర్‌గా మారిందేమో అన్న అనుమానానికి ఆధారం దొరుకుతుంది.

మొదట్లో చెప్పిన అబ్బాయి సీడీ117 గురించి ఇంటర్నెట్‌లో వెతికాడు. ఇమాటినిబ్ అనే మాత్ర ఆ ప్రోటీన్ మీదే పనిచేస్తుందని, పొట్టలో వచ్చే జిస్ట్ అనే కణితిలో అద్భుతంగా పనిచేసిందని దొరికింది. "మరి అమ్మకి ఎందుకు ఇవ్వట్లేదండీ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు: అడినాయిడ్ సిస్టిక్‌లోనూ ఆ ప్రయత్నం జరిగింది. సీడీ117 పాజిటివ్ ఉన్నవాళ్లకే ఆ మాత్ర ఇచ్చి చూసిన ఒక ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. కొలవగలిగినవాళ్లలో ఒక్కరికీ కణితి తగ్గలేదు. జిస్ట్‌లో ఆ ప్రోటీన్ తయారీకి సంబంధించిన జన్యువే చెడి, అదే కణితిని నడిపిస్తుంది. ఇక్కడ ప్రోటీన్ ఉంది, కానీ బండి నడిపేది అది కాదు. ఆ తేడాని రంగు చూపించలేదు.

5. 'మం' కుప్పను జాగ్రత్తగా చూడండి, మీకు పనికొచ్చేది ఇదే

ఇందులో ముఖ్యమైనవి మూడు.

మొదటిది హెర్2. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఇళ్లలో ఈ మాట తెలిసే ఉంటుంది. లాలాజల గ్రంథుల్లో ఇది ప్రధానంగా శాలివరీ డక్ట్ కార్సినోమాలో వస్తుంది, సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో. రిపోర్టులో 0, 1 ప్లస్, 2 ప్లస్, 3 ప్లస్ అని స్కోరు ఉంటుంది. 3 ప్లస్ అయితే పాజిటివ్. 2 ప్లస్ అయితే ఎటూ తేలనట్టు, ఫిష్ అనే జన్యు పరీక్ష చేయించాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. '2 ప్లస్' చూసి పాజిటివ్ అనుకునేవాళ్లు కొందరు, నెగటివ్ అనుకుని వదిలేసేవాళ్లు కొందరు. మీ రిపోర్టులో 2 ప్లస్ ఉండి ఫిష్ రిపోర్టు లేకపోతే, ఈ వ్యాసం ఇక్కడే ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి.

ఒకప్పుడు హెర్2 పాజిటివ్ అంటే గడ్డ మొండిదని గుర్తుగా మాత్రమే చూసేవాళ్లం. ఇప్పుడు అది తలుపు తీసే తాళం చెవి. జపాన్‌లో హెర్2 పాజిటివ్ డక్ట్ కార్సినోమా ఉన్న 57 మందికి హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్, కీమో మందు డోసిటాక్సెల్ కలిపి ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితాల్లో 70 శాతం మందికి కణితి గణనీయంగా తగ్గింది. పోల్చడానికి వేరే గుంపు లేని ట్రయల్ అది, ఆ మాట గుర్తుంచుకోవాలి. అయినా ఇంత అరుదైన జబ్బులో అది చిన్న సంగతి కాదు. ట్రాస్టుజుమాబ్‌కి మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే దాదాపు దానిలాగే పనిచేసే మందులు ఉన్నాయి కాబట్టి ఖర్చు కొంత దిగింది. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే కొత్త మందుకి, కణితి ఏ అవయవానిదైనా సరే హెర్2 3 ప్లస్ ఉండి, ముందు వాడిన చికిత్సలు పనిచేయక, వేరే మంచి దారి లేనప్పుడు వాడేలా 2024 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాని ఖరీదు మాత్రం మధ్యతరగతికి గుండె ఆగేంత.

రెండోది ఏఆర్, అంటే పురుష హార్మోన్‌ని పట్టుకునే ప్రోటీన్. డక్ట్ కార్సినోమాలో అత్యధిక శాతం మందిలో పాజిటివ్ వస్తుంది, ఆడవాళ్లలో కూడా. కాబట్టి ఇది ఒకేసారి 'పే', 'మం' రెండూ. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వాడే మందులే ఇక్కడా వాడతారు. జపాన్‌లోనే 36 మందికి ల్యూప్రోరెలిన్ ఇంజెక్షన్, బైకాలుటమైడ్ మాత్ర కలిపి ఇస్తే సుమారు 42 శాతం మందికి కణితి తగ్గింది. మీ అమ్మకి ఈ మందులు రాశారనుకోండి, మెడికల్ షాపు కుర్రాడు "ఇది మగవాళ్ల మందు కదండీ, చీటీ తప్పేమో" అంటాడు. చీటీ తప్పు కాదు. ఏఆర్ పాజిటివ్ అయితే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడా అన్నదాని మీద మాత్రం స్టడీలు ఒక మాట మీద లేవు.

మూడోది ప్యాన్-ట్రాక్. సెక్రెటరీ కార్సినోమాలో రెండు జన్యువులు అతుక్కుపోయి ఈటీవీ6-ఎన్‌టీఆర్‌కే3 అనే కలయిక ఏర్పడుతుంది. దాని జాడను ఈ రంగు చూపిస్తుంది, జన్యు పరీక్షతో ఖాయం చేసుకోవాలి. లారోట్రెక్టినిబ్, ఎంట్రెక్టినిబ్ అనే మందులు ఈ కలయిక మీదే పనిచేస్తాయి. అయితే ఈ రకం గడ్డ చాలామందికి ఆపరేషన్‌తోనే పోతుంది. మందు పేరు విన్నాం కదా అని మొదటి రోజే దాని వెంట పరుగెత్తక్కర్లేదు. ఆపరేషన్‌కి లొంగనప్పుడు, వేరే చోటికి పాకినప్పుడే దాని అవసరం.

6. 'భ' కుప్పను చూసి భయపడకండి, తీసిపారేయకండి

ఇందులో అందరికీ కనిపించేది కీ-67. జర్మనీలోని కీల్ నగరంలో 1983లో ఈ యాంటీబాడీని గుర్తించారు. ఊరి పేరు, ప్లేటులో అది దొరికిన గుంట నంబరు కలిపి ఆ పేరు. విభజన చెందుతున్న కణాల్లోనే ఈ ప్రోటీన్ ఉంటుంది. రిపోర్టులో 'కీ-67: 30 శాతం' అంటే, చూసిన ప్రతి వంద కణాల్లో సుమారు ముప్పై విభజన దారిలో ఉన్నాయని.

ఎక్కువ ఉంటే గడ్డ చురుగ్గా పెరుగుతోందని అర్థం, చాలా స్టడీల్లో అది మంచి సూచన కాలేదు. ఇంతవరకు నిజమే. కానీ ఎంత దాటితే ఎక్కువ? ఇక్కడ అందరూ ఒప్పుకున్న గీత లేదు. పైగా నేను ఎక్కువ రంగు ఉన్న చోట లెక్కపెడితే 30 వస్తుంది, నా పక్క సీటులోని సహోద్యోగి మొత్తం మీద సగటు తీస్తే 18 వస్తుంది. ఇద్దరం తప్పు చేయలేదు. అందుకే 28కీ 32కీ మధ్య తేడా చూసి ఏడవకండి. 5 శాతానికీ 60 శాతానికీ మధ్య తేడా అయితే నిజమైన తేడా. మామూలుగా మెతకగా ఉండే ఆసినిక్ సెల్‌లో ఓ మూల కీ-67 అమాంతం పెరిగితే, అక్కడ గడ్డ స్వభావం మారిందేమో అని నేను మళ్లీ మళ్లీ చూస్తాను. అదీ దాని అసలు ఉపయోగం.

పీ53, ఈజీఎఫ్‌ఆర్, మ్యూసిన్ ప్రోటీన్లు వంటివి పరిశోధనల్లో తరచుగా వస్తాయి. మ్యూకోఎపిడెర్మాయిడ్‌లో ఎంయూసీ1 ఎక్కువుంటే గడ్డ గ్రేడు (కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయన్న లెక్క) పెద్దదిగా, ఎంయూసీ4 ఎక్కువుంటే మెతకగా ఉన్నట్టు కొన్ని స్టడీల్లో కనిపించింది. ఆసక్తికరమే. మీ చికిత్సను మాత్రం మార్చదు, కాబట్టి మీ రిపోర్టులో లేకపోతే చేయించమని ఎవరినీ అడగకండి.

ఇంటర్నెట్‌లో 'ఫలానా ప్రోటీన్ ఉంటే బతికే అవకాశం తక్కువ' అన్న స్టడీ దొరికితే, కంగారు పడేముందు అందులో కొన్ని సంగతులు వెతకండి. ఎంతమంది పేషెంట్లు? ఈ జబ్బు అరుదు కావడంతో నలభై, యాభై మందితోనే స్టడీలు రాసేస్తారు. అందరివీ ఒకే రకం గడ్డలా, లేక మ్యూకోఎపిడెర్మాయిడ్, అడినాయిడ్ సిస్టిక్, డక్ట్ అన్నీ ఒకే గంపలో కలిపేశారా? కలిపేస్తే, దూకుడు రకాల్లో ఎక్కువగా ఉండే ఏ ప్రోటీన్ అయినా చెడ్డదిగానే కనిపిస్తుంది. తప్పు దానిది కాదు, గంపది. ఎన్నేళ్లు గమనించారు? అడినాయిడ్ సిస్టిక్‌ని ఐదేళ్లు చూసి ఆపేసిన స్టడీ సగం సినిమా చూసి కథ చెప్పినట్టు. స్టేజీ, గ్రేడు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ప్రోటీన్ బలం నిలిచిందా? ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా మార్కర్లు రాలిపోతాయి.

7. ఇప్పుడు ముందు పేజీకి వెళ్లండి

భవిష్యత్తు గురించి గట్టిగా మాట్లాడేవి ఐహెచ్‌సీ పేజీలో లేవు, ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో ఉన్నాయి. వెతకాల్సిన మాటలు ఇవి.

సైజు. స్టేజీ లెక్కలో రెండు సెంటీమీటర్ల లోపు టీ1, నాలుగు లోపు టీ2, అది దాటినా గ్రంథి బయటి మెత్తని కణజాలంలోకి పాకినా టీ3. చర్మం, దవడ ఎముక, చెవి కాలువ, ముఖ నరం పట్టుకుంటే టీ4. పరోటిడ్ మధ్యలోంచే ముఖ నరం ఐదు కొమ్మలుగా చీలి వెళుతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందే మూతి వంకర పోయిందా, కన్ను మూతపడట్లేదా అన్నది డాక్టర్లు అంత పట్టుబట్టి అడుగుతారు.

'మార్జిన్'. కోసిన అంచులో క్యాన్సర్ కణాలు మిగిలాయా లేదా. 'లింఫ్ నోడ్స్'. మెడలోని బిళ్లలకు పాకిందా, పాకితే ఎన్నిటికి. 'గ్రేడ్'. లో, ఇంటర్మీడియట్, హై. మ్యూకోఎపిడెర్మాయిడ్‌కి గ్రేడు ఇచ్చే పద్ధతులు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయి, ఒకే గడ్డకి ఒకదాంట్లో లో, ఇంకోదాంట్లో ఇంటర్మీడియట్ రావచ్చు. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే ఎవరో అబద్ధం ఆడారని కాదు, ఏ పద్ధతి వాడారో అడగండి.

'పెరిన్యూరల్ ఇన్వేజన్'. నరం వెంట పాకడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అడినాయిడ్ సిస్టిక్‌లో స్లైడు పెట్టగానే నా కన్ను వెళ్లేది నరాల మీదికే. అడ్డంగా కోసిన నరం గుండ్రంగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. దాని చుట్టూ నీలం కణాలు ఉంగరంలా చుట్టుకుని కనిపిస్తాయి. గడ్డ అసలు ఉన్న చోటుకు దూరంగా కూడా అలాంటి ఉంగరాలు దొరుకుతాయి. సర్జన్ ఎంత శుభ్రంగా కోసినా రేడియేషన్ కూడా ఇవ్వడానికి ఇదొక పెద్ద కారణం. ఇదే రకంలో 'సాలిడ్ ప్యాటర్న్' ఎంత శాతం అన్నది కూడా చూడండి. ముప్పై శాతం దాటితే గ్రేడు పెద్దదిగా లెక్కగడతారు.

అడినాయిడ్ సిస్టిక్‌కి ఐదేళ్ల లెక్క బాగుంటుంది, పదిహేనేళ్ల లెక్క అంత బాగుండదు. పదేళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించేవాళ్లు ఉంటారు. అలా మచ్చలు కనిపించాక కూడా ఏళ్ల తరబడి పొలం పని చేసుకుంటూ, మనవళ్లను ఆడిస్తూ ఉన్నవాళ్లను చూశాను. అందుకని 'ఐదేళ్లయింది, ఇక చెకప్పులు అక్కర్లేదు' అన్న మాట ఈ రకానికి వర్తించదు. ఛాతీ స్కాన్ ఎప్పుడెప్పుడు చేయించాలో తారీఖుతో సహా రాయించుకోండి.

8. డాక్టర్ని అడగాల్సినవి చీటీ మీద రాసుకెళ్లండి

కన్సల్టింగ్ గదిలోకి వెళ్లాక అన్నీ మర్చిపోతాం. నాకే మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు అలా అయింది, రోజూ ఇదే పనిలో ఉండి కూడా. కాబట్టి రాసుకోండి: గడ్డ రకం మీద అనుమానం ఏమైనా మిగిలి ఉందా? హెర్2, ఏఆర్ చేయాల్సిన రకమేనా, చేశారా? 2 ప్లస్ అయితే ఫిష్ పంపారా? అంచులు, నరం, బిళ్లలు: ఈ మూడింట్లో రేడియేషన్ అవసరమయ్యే కారణం ఉందా? ట్యూమర్ బోర్డులో (వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కేసు చర్చించే సమావేశంలో) పెట్టారా? మొత్తం ఐదు ప్రశ్నలు, పావు చీటీ.

డబ్బు సంగతి కూడా ముందే మాట్లాడండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్, రేడియేషన్‌లతో పాటు ఈ పరీక్షల్లో ఏవి వస్తాయో, ఏవి బయట చేతి డబ్బుతో చేయించుకోవాలో హాస్పిటల్లోని ఆరోగ్యమిత్ర చెబుతారు. పరీక్ష చేయించాక అడిగితే లాభం లేదు.

9. రెండో అభిప్రాయానికి కాగితం కాదు, బ్లాక్ తీసుకెళ్లండి

ఈ రకం గడ్డలకు రెండో అభిప్రాయం అడగడం డాక్టర్ని అవమానించడం కాదు. నేనే నా కేసుల్ని వేరేవాళ్లకి పంపుతుంటాను. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడి దగ్గర ఉన్న హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్, ముంబై టాటా మెమోరియల్ వంటి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇలాంటివి ఎక్కువగా చూసినవాళ్లు ఉంటారు. అయితే అక్కడ కూర్చున్నవాళ్లు మీ రిపోర్టు జిరాక్స్ చదివి ఏమీ చెప్పలేరు. వాళ్లకి కావలసింది స్లైడులు, బ్లాక్.

ఆపరేషన్ చేసిన చోట పాథాలజీ విభాగానికి వెళ్లి, రోగి పేరు, స్పెసిమెన్ నంబరుతో దరఖాస్తు రాసివ్వండి. అన్ని బ్లాకులూ ఒకేసారి తీసుకోవద్దు. గడ్డ బాగా ఉన్న ఒకటి రెండు చాలు, ఏవో వాళ్లే చెబుతారు. ఒక కుటుంబం ఉన్న ఒక్క బ్లాకునీ బస్సులో పోగొట్టుకుంది. తర్వాత హెర్2 చేద్దామంటే చేయడానికి ముక్కే లేదు.

తీసుకున్నాక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, చుట్టూ దూది పెట్టి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు. మే నెలలో మాత్రం ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. అది మైనం, అరవై డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. స్లైడుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి రబ్బరు బ్యాండ్ వేయకండి, పగిలిపోతాయి. స్లైడ్ బాక్స్ ల్యాబులోనే అడిగితే ఇస్తారు.

చూపించాక అక్కడే వదిలి రాకుండా బ్లాక్ తిరిగి తీసుకోండి. ఇచ్చిన చోట అప్పజెప్పి, రిజిస్టర్లో తారీఖు వేయించి, ఆ పేజీని ఫోటో తీసుకోండి. మూడేళ్ల తర్వాత కొత్త మందేదో వచ్చి, దానికి ఇంకో ప్రోటీన్ చూడాలంటే, మళ్లీ అదే బ్లాక్‌లోంచి ఓ పొర కోయాల్సి వస్తుంది.